‘ఎవరి పిల్లవే నువ్వు?’ అని అడిగే బడి

మీ పాపను బడిలో పేరు పెట్టి పిలిచే పెద్దవాళ్లు ఎంతమంది? ఒక్క నిమిషం ఆలోచించి చెప్పండి.

మార్కులు మీకు తెలుసు. యూనిఫాం కొలతలు తెలుసు. ఆటో ఎన్నింటికి వస్తుందో, హోంవర్క్ ఎంత ఇచ్చారో తెలుసు. ఈ లెక్క మాత్రం మనలో చాలామందికి తెలియదు. చిన్న తరగతుల్లో పిల్లల మనసు నిలబడేది మాత్రం దీని మీదే.

వెనకట ఊళ్లో పిల్లలు వీధిలో కనబడితే అరుగు మీది ముసలమ్మ ఆపి, ‘ఎవరి పిల్లవే నువ్వు?’ అని అడిగేది. చెప్పగానే తాత పేరు, మేనత్త పేరు తవ్వి తీసేది. ఆడుతూ పడి మోకాలు గీరుకుపోతే ఎవరింటి ముందు పడ్డారో ఆ ఇంట్లోనే పసుపు అద్దేవారు. పొద్దు పోయినా ఇంటికి రాకపోతే నలుగురూ కలిసి వెతికేవారు. ఆ ఒక్క ప్రశ్న చుట్టూ పిల్లలకు ఒక కంచె ఉండేది.

ఇప్పుడు బుద్వేల్ సంగతి చూడండి. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ వెళ్లే రైలు మార్గంలో ఒక చిన్న స్టేషన్, దాని చుట్టూ నగరం అంచున ఒక ఊరు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. 2024 మార్చిలో ఇక్కడే 100 ఎకరాల్లో హైకోర్టు కొత్త భవనాలకు శంకుస్థాపన జరిగింది. పని ఉన్నచోటికి మనుషులు వస్తారు. కాటేదాన్ ఫ్యాక్టరీకి వచ్చినవాళ్లు, ఎయిర్‌పోర్టులో రాత్రి డ్యూటీ చేసేవాళ్లు, అపార్టుమెంట్లు కట్టడానికి పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చినవాళ్లు, తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్లు అందరూ ఒకే గల్లీలో ఉంటారు. పక్కింటివాళ్ల పేరు తెలియకుండానే రెండేళ్లు గడిచిపోతాయి.

మరి ఈ పిల్లలను ‘ఎవరి పిల్లవే?’ అని అడిగేదెవరు?

బడి అడగాలి. అందరి పిల్లలూ ఒకే వరసలో కూర్చుని అన్నం తినే చోటు ఇక్కడ అదొక్కటే. అయితే బడి దానంతట అది ఊరు కాదు. మనం చేయాలి. ఎలా చేయాలో ఈ అధ్యాయంలో చూద్దాం.

ముందుగా: ఐదు వేళ్ల లెక్క

ఒక కాగితం మీద మీ పాప చేయి పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీయండి. ఒక్కో వేలి మీద ఒక్కో పేరు రాయమనండి.

బొటనవేలు: తన గురించి చదువు కాకుండా ఇంకేదైనా తెలిసిన టీచర్.
చూపుడు వేలు: బడిలో మరో పెద్ద మనిషి. హెడ్‌మాస్టర్ కావచ్చు, వంట అక్క కావచ్చు, ఆయమ్మ కావచ్చు.
నడిమి వేలు: తనకోసం పక్కన చోటు ఆపి ఉంచే స్నేహితురాలు.
ఉంగరం వేలు: పై తరగతిలో తనను ఎరిగిన అక్క లేదా అన్న.
చిటికెన వేలు: తనను గుర్తుపట్టి పలకరించే మరో పిల్లవాడి అమ్మో నాన్నో.

రెండు వేళ్లే నిండాయా? కంగారు పడకండి. ఏడాది మధ్యలో చేరిన పిల్లలకు ఒక్కటి కూడా నిండకపోవచ్చు. ఖాళీ వేలంటే మీరు చేయాల్సిన పని ఎక్కడుందో కనబడిందన్నమాట. కింది ఎనిమిది అడుగులూ ఆ ఖాళీలను నింపడానికే.

1. అడిగే ప్రశ్న మార్చండి

‘ఇయ్యాల బడిల ఏం జెప్పిన్రు?’ అని అడుగుతాం. ‘ఏం లే’ అంటారు. మళ్లీ అడిగితే విసుక్కుంటారు. తప్పు పిల్లలది కాదు. రోజంతటినీ ఒక్క మాటలో చెప్పమంటే మనకు మాత్రం వస్తుందా?

చిన్న ప్రశ్న వేయండి. ‘ఇయ్యాల అన్నం ఎవరి పక్కన కూసొని తిన్నవ్?’ ‘ఆటల ఎవరు గెలిచిన్రు?’ ‘ఎవరన్న ఏడ్చిన్రా?’ మూడో ప్రశ్న చాలా పని చేస్తుంది. తన బాధ నేరుగా చెప్పలేని పిల్లలు పక్కవాడి బాధగా చెబుతారు. ‘ఒక అమ్మాయిని ఎవరూ ఆటలోకి రానియ్యలే’ అని మీ పాప అంటే, ఆ అమ్మాయి ఎవరని వెంటనే గుచ్చి గుచ్చి అడగకండి. ‘అయ్యో, మరి అప్పుడు ఆ పిల్ల ఏం జేసింది?’ అని మాత్రం అనండి. మిగతాది తనే చెబుతుంది.

2. పది నిమిషాలు చెవి ఒగ్గి వినండి

జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన పుస్తకం తెలుగులో ‘రైలుబడి’గా వచ్చింది. మొదటి బడి ఆ పిల్లను ఒకటో తరగతిలోనే పంపించేసింది. పాత రైలు పెట్టెల్లో నడిచే రెండో బడిలో చేరిన రోజు హెడ్‌మాస్టర్ కొబయాషి ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీకు ఏం చెప్పాలనుంటే అది చెప్పమన్నారు. దాదాపు నాలుగు గంటలు విన్నారు. మధ్యలో ఆవులించలేదు, తొందర పెట్టలేదు. ఎక్కడా ఇమడదనుకున్న పిల్ల ఆ బడిలో ఇమిడింది.

మనకు నాలుగు గంటలు ఎక్కడివి? పది నిమిషాలు చాలు. ఫోన్ వేరే గదిలో పెట్టి, సలహా ఇవ్వకుండా, తీర్పు చెప్పకుండా వినాలి.

రాత్రి డ్యూటీ చేసేవాళ్లు అడగొచ్చు, ‘నేను వచ్చేసరికి వాడు బడికి వెళ్లిపోతాడు, ఏం చేయను?’ అని. డ్యూటీకి వెళ్లే ముందు ఒక చీటీ మీద ఒక ప్రశ్న రాసి దిండు కింద పెట్టండి. ‘నిన్న ఆటలో నువ్వు దొంగవా, పోలీసువా?’ అని రాస్తే చాలు. జవాబు రాయడం రాకపోతే బొమ్మ గీస్తాడు. సెలవు రోజున ఆ చీటీలు ముందేసుకుని మాట్లాడుకోండి. నాన్న ఎదురుగా లేకపోయినా వింటున్నాడని వాడికి తెలుస్తుంది.

3. నీళ్ల సీసా తీసి చూడండి

పిల్లలు నోటితో చెప్పనిది వాళ్ల సంచి చెబుతుంది. పొద్దున నింపిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తిరిగొచ్చిందా? చాలాసార్లు దాని అర్థం దాహం లేకపోవడం కాదు, మరుగుదొడ్డికి వెళ్లడానికి భయపడటం. గడియ ఉండదు, నీళ్లు ఉండవు, పెద్ద పిల్లలు తలుపు కొడతారు. అందుకని నీళ్లే తాగరు. మూత్రం ఆపుకుంటారు. తర్వాత కడుపునొప్పి, మూత్రంలో మంట. ‘బడికి ఎగ్గొట్టడానికి నాటకం’ అని మనం కోప్పడతాం.

అన్నం డబ్బా ముట్టుకోకుండా వస్తోందా? సోమవారం పొద్దునే కడుపునొప్పి వస్తోందా? పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ మొదలుపెట్టిందా? ఏదైనా ఒకటి ఒక రోజు జరిగితే పట్టించుకోనక్కర్లేదు. రెండు వారాల పాటు సాగితే డాక్టరుకు చూపించండి, టీచరుతోనూ మాట్లాడండి.

నిద్ర కూడా లెక్కపెట్టండి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఒకే గదిలో అర్ధరాత్రి దాకా టీవీ నడిచే ఇంట్లో పిల్ల తరగతిలో కునుకుతుంది, చిన్నదానికి ఏడుస్తుంది. ‘మొండిది’ అన్న పేరు పడుతుంది. పాపకు కావాల్సింది ఒక గంట ముందు దీపం ఆర్పడం.

4. టీచరుతో ఐదు నిమిషాలు మాట్లాడండి

ఎప్పుడు? బడి గేటు దగ్గర, పది మంది ముందు మాత్రం కాదు. పొద్దున బెల్లు కొట్టే వేళ టీచరుకు ఊపిరి సలపదు. ముందురోజు పాప డైరీలో ‘మేడం, మీకు వీలైనప్పుడు ఐదు నిమిషాలు కలుస్తాను’ అని రాసి పంపండి.

ఎలా మొదలుపెట్టాలి? ‘మీ తరగతిలో మా పిల్లను కొడుతున్నారట’ అంటే అవతలివాళ్లు తమను తాము కాపాడుకునే పనిలో పడతారు. ఇలా అని చూడండి: ‘మేడం, వారం నుంచి పాప పొద్దున లేవగానే ఏడుస్తోంది. తరగతిలో ఎలా ఉంటోంది? మీకేమైనా కనబడిందా?’ మీరు చూసింది చెప్పారు, ఆమె చూసింది అడిగారు. ఇప్పుడు ఇద్దరూ ఒకే వైపు నిలబడ్డారు.

వెళ్లేటప్పుడు పాప గురించి ఒక మంచి సంగతి కూడా పట్టుకెళ్లండి. ‘ఇంట్లో తమ్ముడికి కథలు చెబుతుంది’ అన్న ఒక్క మాట టీచరుకు పనిముట్టు అవుతుంది. మర్నాడు తరగతిలో ‘నువ్వు కథలు బాగా చెప్తావటగా’ అని ఆమె అందనుకోండి. బొటనవేలు నిండిపోయినట్టే.

5. కొత్తగా వచ్చిన పిల్లలకు దారి తెలుసుకోండి

పని వెంట ఊళ్లు మారే కుటుంబాలు ‘టీసీ లేదు, ఏడాది మధ్యలో చేర్చుకోరేమో’ అనుకుని పిల్లలను ఇంట్లో ఉంచేస్తాయి. ఆ భయం వదిలేయండి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదనే కారణంతో బడిలో చేర్చుకోకపోవడం కుదరదు. సర్కారు బడిలో టీసీ ఆలస్యమైందనీ కాదనకూడదు. చదువు వెనకబడినా వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి, అందుకోవడానికి ప్రత్యేకంగా నేర్పించాలి.

చేరాక అసలు కష్టం భాష. ఇంట్లో ఉర్దూ, ఒడియా, మరాఠీ, లంబాడీ మాట్లాడే పిల్ల తెలుగు, ఇంగ్లిషు వినబడే తరగతిలో నెలల తరబడి నోరు విప్పకపోవచ్చు. అది మందబుద్ధి కాదు, వింటూ ఉన్న దశ. ఆ పిల్లకు పాఠాల కంటే ముందు నాలుగు మాటలు కావాలి: ‘నీళ్లు తాగొస్తా’, ‘బాత్రూంకు పోతా’, ‘నాకు అర్థం కాలే’, ‘నన్ను కూడా ఆడనియ్యి’. ఈ నాలుగూ ఇంట్లో ఆటలా నేర్పండి. తన భాష తెలిసిన పై తరగతి పిల్ల ఒకరుంటే మొదటి నెల మధ్యాహ్నం అన్నం వేళ తోడుగా కూర్చోబెట్టమని టీచరును అడగండి. ఉంగరం వేలు అలా నిండుతుంది.

మీ కుటుంబం ఇక్కడిదేనా? అయితే మీ పిల్లకు ఒక పని అప్పజెప్పండి. కొత్త పిల్ల పేరును సరిగ్గా, వాళ్లమ్మ పిలిచినట్టే పలకడం నేర్చుకుని రమ్మనండి.

6. అన్నం వండేచోటికి వెళ్లండి

సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం పథకం ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు తలా 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె లెక్క. అందులో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఈ అంకెలు తెలుసుకోండి. అయితే వాటిని చేతబట్టుకుని తనిఖీకి వచ్చిన అధికారిలా వెళ్లకండి.

ఒక మధ్యాహ్నం వీలు చూసుకుని, హెడ్‌మాస్టర్‌కు చెప్పి వెళ్లండి. పిల్లలతో పాటు కూర్చుని తినండి. వంట అక్కను ‘ఎన్నింటికి లేస్తవక్కా?’ అని పలకరించండి. మీ పాపను చూపించండి. ఏ పిల్ల రెండోసారి పెట్టించుకుంటుందో, ఏ పిల్ల కూర పక్కకు తోసేస్తుందో, ఎవరు ఒంటరిగా మూలన తింటారో ఆమెకు తెలుసు. బడిలో ఆమెకు తెలిసినన్ని సంగతులు రిజిస్టరులో ఉండవు. ఆ రోజు నుంచి మీ పాప పళ్లెం పట్టుకుని వెళ్తే ‘ఏమ్మా, ఇయ్యాల గింతే తింటవా?’ అని అడిగే మనిషి ఒకరుంటారు. చూపుడు వేలు నిండింది.

ప్రైవేటు బడి అయితే వంటచోటు బదులు బస్సు దగ్గరికి వెళ్లండి. డ్రైవరన్న, ఆయమ్మ మీ పాపను రోజూ చూసే మనుషులు. వాళ్ల పేర్లు మీకు తెలుసా?

7. కమిటీలో కూర్చోండి

‘కమిటీలు పెద్దోళ్లకు’ అని తప్పుకోకండి. విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల భాగస్వామ్యంతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి. తాగునీరు, మరుగుదొడ్లు, చిన్న మరమ్మతుల వంటి పనులు వాటి చేతుల్లో పెట్టారు. మీ గల్లీ పొదుపు సంఘంలో ఉన్న అక్కను అడిగితే బడి పనులు ఎవరు చూస్తున్నారో చెబుతుంది.

సమావేశానికి పది ఫిర్యాదులతో వెళ్తే ఒక్కటీ తేలదు. ఒకే పని పట్టుకోండి. ఉదాహరణకు ‘ఆడపిల్లల మరుగుదొడ్డికి లోపలి గడియ, బకెట్, మగ్గు’. ఎవరు తేవాలి, ఏ తేదీకి తేవాలి, ఎవరు చూడాలి? ఈ మూడూ పుస్తకంలో రాయించండి. గడియ పడిన రోజు చాలామంది పిల్లల నీళ్ల సీసాలు ఖాళీగా ఇంటికొస్తాయి. పిల్లల క్షేమం అంత చిన్న ఇనుప ముక్కలోనూ ఉంటుంది.

8. పండుగలో పని పంచుకోండి

దసరా సెలవులకు ముందు బళ్లలో బతుకమ్మ ఆడతారు. చాలాచోట్ల తల్లులు వచ్చి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. ఈసారి అరగంట ముందు వెళ్లండి. గునుగు, తంగేడు, బంతి పూలు ముందేసుకుని తల్లులూ పిల్లలూ కలిసి పేర్చండి. పండుగ తెలియని పిల్ల పక్కన మీరే కూర్చోండి. ‘తంగేడు కింద పెట్టు, గునుగు మీద పెట్టు’ అని చేయి పట్టి చూపించండి. రంజాన్ సేమ్యా వచ్చిన రోజు, క్రిస్మస్ కేకు వచ్చిన రోజు మీ పిల్లా అలాగే నేర్చుకుంటుంది.

ఇంకో మంచి పద్ధతి ఉంది. నెలకొక తల్లినో తండ్రినో తరగతికి పిలిచి అరగంట తమ పని గురించి చెప్పమనడం. విమానంలోకి సామాను ఎలా ఎక్కిస్తారో లోడరన్న చెబుతాడు. గోడ నిటారుగా ఉందో లేదో తూకపు గుండుతో ఎలా చూస్తారో మేస్త్రి చూపిస్తాడు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాల్లో పనిచేసే అమ్మ నారు ఎలా పోస్తారో చేసి చూపిస్తుంది. ఆ రోజు వాళ్ల పిల్ల ముఖం చూడండి. ‘మా నాయిన సారులెక్క పాఠం జెప్పిండు’ అన్న మాట ఆ పిల్లను ఏడాదంతా నిలబెడుతుంది. మిగతా పిల్లలంతా ఆ మనిషిని వీధిలో చూసి పలకరిస్తారు. ఒక్క అరగంటలో ముప్పై చిటికెన వేళ్లు నిండాయి.

మనం తరచూ చేసే నాలుగు పొరపాట్లు

టీచరును బూచిని చేయడం. ‘అన్నం తినకపోతే మీ టీచర్‌కు చెప్త’ అని ఇంట్లో బెదిరిస్తాం. రేపు బడిలో కష్టం వస్తే ఆ బూచి దగ్గరికే వెళ్లి చెప్పుకోవాలి కదా, ఎలా చెప్పుకుంటుంది?

‘నువ్వూ కొట్టు’ అనడం. బలం లేకనే కదా ఇంటికొచ్చి ఏడ్చాడు. కొట్టలేకపోతే రెండోసారి ఓడినట్టవుతుంది. ‘గట్టిగా వద్దను, అక్కడి నుంచి పక్కకు రా, టీచరుకు చెప్పు’ అని మూడు పనులు నేర్పండి. ఇంట్లో మీరు అవతలి పిల్లాడిలా నటించి సాధన చేయించండి.

వాట్సాప్ గ్రూపులో పిల్లల పేర్లు పెట్టడం. ‘ఫలానా బాబు మా వాణ్ని గిచ్చాడు’ అని యాభై మందికి పంపితే ఆ ఏడేళ్ల పిల్లవాడికి బడి అంతటా ముద్ర పడుతుంది. వాడూ ఎవరో కన్న బిడ్డే. టీచరుతో మాట్లాడండి, అవసరమైతే ఆమె ఎదుట ఆ తల్లితో కూర్చోండి.

తొందరపడి బడి మార్చడం. మారిస్తే ఐదు వేళ్లూ మళ్లీ ఖాళీ. ప్రమాదం ఉంటే తప్ప, ముందు పైన చెప్పిన అడుగులు ఒక టర్మ్ పాటు వేసి చూడండి.

ఆగకూడని సందర్భాలు

కొన్నిటికి ఓపిక పనికిరాదు. బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఎవరైనా తాకకూడని చోట తాకారని పిల్ల చెబితే ముందు నమ్మండి. ‘నువ్వు చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పు లేదు’ అనండి. పదిసార్లు తిప్పి తిప్పి అడగకండి. పిల్లల సహాయ నంబరు 1098కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఇలాంటి నేరం గురించి తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేయడం చట్టపరమైన బాధ్యత. ‘పరువు పోతుంది’ అని ఎవరన్నా వెనక్కి లాగితే, ఆ మాట వినకండి. పరువు పోవాల్సింది తప్పు చేసినవాడిది.

ఈ వారం ఏం చేస్తారు?

ఎనిమిదీ ఒకేసారి వద్దు. సోమవారం చేయి బొమ్మ గీయించండి. మంగళవారం నుంచి రోజూ ఒక చిన్న ప్రశ్న అడగండి. గురువారం టీచరుకు చీటీ పంపండి. శనివారం బడి వదిలే వేళ ఐదు నిమిషాలు ముందు వెళ్లి, గేటు దగ్గర ఎదురుచూస్తున్న మరో తల్లితోనో తండ్రితోనో ‘మీ పిల్ల ఏ తరగతి?’ అని మాట కలపండి. అంతే. ఆ చేయి బొమ్మను గోడకు అంటించి ఉంచండి. నిండిన వేలికల్లా రంగు వేయనివ్వండి.

కొన్ని నెలలు పోయాక ఒక సాయంత్రం మీ పాప వచ్చి, ‘అమ్మా, మా తరగతిల కొత్త పిల్ల చేరింది, ఆమెకు ఎవరూ దోస్తులు లేరు, రేపు నా పక్కన కూసోవెట్టుకుంట’ అనొచ్చు. అప్పుడు ఇంకో ఇంట్లో, ఇంకో చేయి బొమ్మ మీద, నడిమి వేలి దగ్గర మీ పాప పేరు రాసుకుంటారు.

పెన్సిల్ ఎక్కడుంది? పాపను పిలవండి.